లెక్క వచ్చు.. మాటే తిరకాసు!
ప్లస్‌టూ గణితంతో సరిహద్దు తెలుగు పిల్లల కుస్తీ

హోసూరు: ఇంట్లో తెలుగు. సంతలో తెలుగు, కన్నడం కలగలుపు. తాలూకాఫీసులో తమిళం. ఇక ప్లస్‌వన్‌లో ఫస్ట్ గ్రూపు తీసుకున్నారా.. లెక్కల పుస్తకం తమిళంలోనో, ఇంగ్లిష్‌లోనో! కృష్ణగిరి జిల్లాలో హోసూరు, డెంకణికోట, వేపనపల్లి వైపు తెలుగిళ్లలో పుట్టిన పిల్లలకు ఇదేం కొత్త కాదు. మూడు భాషలు మాట్లాడటం ఇక్కడ గొప్పా కాదు. ఆ మూడింటి మధ్య ఓ లెక్కను నిలబెట్టి, మూడు గంటల్లో 90 మార్కులకు రాయమంటేనే వస్తుంది చిక్కు.

తెలుగు మీడియంలో పదో తరగతి పాసైన పిల్లకు సంభావ్యత అంటే తెలుసు. బొమ్మా బొరుసూ లెక్క చిటికెలో తేల్చేస్తుంది. అదే పిల్ల ప్లస్‌వన్ తమిళ మీడియం తరగతిలో కూర్చుంటే ఆ పాఠం పేరు ‘నిగళ్‌తగవు’. మన తెలుగులో తగవంటే కొట్లాట. మొదటి రెండు నెలలూ జరిగేది దాదాపు అదే! మాత్రిక కాస్తా ‘అణి’ అవుతుంది. సంకీర్ణ సంఖ్య ‘కలప్పు ఎణ్’ అవుతుంది. అన్నీ ఇంత దూరం కాదు లెండి. పరావలయాన్ని తమిళంలో ‘పరవళైయం’ అంటారు. అతిపరావలయం ‘అదిపరవళైయం’. చుట్టరికం చూడగానే తెలిసిపోతుంది. దీర్ఘవృత్తం ‘నీళ్‌వట్టం’. నిడుపాటి వట్రువ అనుకుంటే మన పల్లెల్లో అవ్వలకు కూడా అర్థమయ్యే మాటే.

పోనీ ఇంగ్లిష్ మీడియంలో చేరితే? అక్కడ మాటలతో పాటు వాక్యాలు కూడా అడ్డం పడతాయి. ఓ వంతెన కమాను పరావలయం ఆకారంలో ఉంది, నడిమధ్య ఎత్తు 10 మీటర్లు, అడుగున వెడల్పు 30 మీటర్లు, మధ్య నుంచి 6 మీటర్ల దూరంలో ఎత్తెంత? ప్లస్‌టూ పుస్తకంలో ఇలాంటి లెక్కలు వరసగా కనిపిస్తాయి. చేయడం తెలిస్తే నాలుగు వరుసల పని. సగం వెడల్పు 15, దాని వర్గం 225. ఆరు వర్గం 36. పది మీటర్లలో 225కి 36 వంతు, అంటే 1.6 మీటర్లు దిగిపోతుంది. జవాబు 8.4 మీటర్లు. సూత్రం వచ్చిన పిల్లలు కూడా ఇక్కడ ఆగిపోయేది లెక్క దగ్గర కాదు. ‘మధ్య నుంచి ఇరువైపులా’ అన్న మాటను బొమ్మగా గీసుకునే దగ్గర.

సెంటమ్ మీద అంత మోజెందుకు?

తమిళనాడులో నూటికి నూరును ‘సెంటమ్’ అంటారు. లెక్కల్లో సెంటమ్ కొడితే బడి గోడ మీద ఫ్లెక్సీ ఖాయం. ఈ మోజు వెనక గట్టి కారణమే ఉంది. 2007 నుంచి ఈ రాష్ట్రంలో ఇంజినీరింగ్‌కు ప్రవేశ పరీక్ష లేదు. ఆంధ్రా, తెలంగాణల్లోలా విడిగా ర్యాంకు తెచ్చుకునే పని లేదు. ప్లస్‌టూ మార్కులే కటాఫ్. మొత్తం 200. అందులో గణితానికి నూరుకు నూరూ కలుపుతారు. భౌతిక, రసాయన శాస్త్రాలను సగానికి కుదించి చెరో యాభై ఇస్తారు.

ఓ లెక్క చూడండి. ఒకరికి గణితంలో 80, ఫిజిక్స్‌లో 90, కెమిస్ట్రీలో 90. ఇంకొకరికి గణితంలో 90, ఫిజిక్స్‌లో 80, కెమిస్ట్రీలో 90. మూడూ కలిపితే ఇద్దరికీ 260. కానీ కటాఫ్‌లో మొదటివారికి 170, రెండోవారికి 175. ఇద్దరి కటాఫ్ సమానమైనా ముందు చూసేది గణితం మార్కులే. మొదటి భాషగా తెలుగు తీసుకుని అందులో ఎన్ని తెచ్చుకున్నా ఆ మార్కులు కటాఫ్‌కు కలవవు. తెలుగు వదిలేయమని దీనర్థం కాదు. ఆ ధీమాతో లెక్కలు వదిలేయొద్దని మాత్రమే.

ప్రభుత్వ బడి పిల్లలకు ఇంకో సంగతి. ఆరు నుంచి ప్లస్‌టూ దాకా ప్రభుత్వ బడుల్లోనే చదివిన వారికి ఇంజినీరింగ్ లాంటి వృత్తి విద్యా కోర్సుల్లో 7.5 శాతం సీట్లు కేటాయిస్తూ 2021లో చట్టం చేశారు. కూలికి పోయే ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. ‘తెలుగులో చదువుకుంటాడు, కుప్పంలో మా అక్క ఇంట్లో పెట్టి ఇంటర్ చదివిస్తాం’ అనుకునే అమ్మానాన్నలు ఈ లెక్క కూడా వేసుకోవాలి. ప్లస్‌వన్ దగ్గర సరిహద్దు దాటితే ఈ 7.5 శాతంలో చోటు పోయినట్టే. అటు ఆంధ్రాలో కన్వీనర్ కోటాలో 85 శాతం సీట్లు స్థానికులవి. రెండేళ్లు ఇంటర్ చదివినంత మాత్రాన స్థానికులైపోరు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యేది ఇలాగే.

నలభై ఒక్క జవాబులు

నేను ప్లస్‌టూ రాసింది 2008లో. అప్పుడు గణితం 200 మార్కులకు. ఒక మార్కువి 40, ఆరు మార్కులవి 10, పది మార్కులవి 10. బుక్‌బ్యాక్ ప్రశ్నలు వల్లె వేసి గట్టెక్కినవాళ్లు మా తరగతిలోనే బోలెడుమంది. లెక్కను కూడా పద్యంలా అప్పజెప్పేవారు! 2018-19 నుంచి పేపరు నూరు మార్కులకు తగ్గింది. 2019-20లో పుస్తకాలే మారిపోయాయి. ఇప్పుడు రాత పరీక్ష 90, ఇంటర్నల్ 10.

ఒక మార్కువి 20. రెండు మార్కులవి పదిలో ఏడు, మూడు మార్కులవి పదిలో ఏడు. ఐదు మార్కులవి ఏడు, ప్రతిదానికీ ‘ఇదో, అదో’ ఉంటుంది. మొత్తం 41 జవాబులు. 180 నిమిషాలకు 90 మార్కులంటే మార్కుకు రెండు నిమిషాలు. ఐదు మార్కుల లెక్కకు పది నిమిషాలు దాటిందా, వెనక ఇంకో లెక్క మునిగినట్టే. ఒక మార్కు ప్రశ్నల్లో ఆప్షన్ గుర్తు ఒక్కటే రాస్తే చాలదు, పక్కన జవాబు కూడా రాయాలి. 30వ ప్రశ్న, 40వ ప్రశ్న తప్పనిసరి. వల్లె వేసినవాళ్లకు చెమటలు పట్టేది ఈ రెండింటి దగ్గరే.

పేపరు తమిళం, ఇంగ్లిష్ రెండింటిలోనూ అచ్చవుతుంది. మన పిల్లలకు ఇదో వరం. ఒక భాషలో వాక్యం కొరుకుడు పడకపోతే రెండోదానిలో చూసుకోవచ్చు. అయితే ఆ పని పరీక్ష రోజున మొదలుపెడితే లాభం లేదు. రెండు మీడియాల పుస్తకాల్లోనూ అదే అభ్యాసం, అదే లెక్క, అదే నంబరు. రెండూ ముందేసుకుని మాటకు మాట పోల్చుకుంటే నెలలో చేయి తిరుగుతుంది. ఆంధ్రా చుట్టాలుంటే తెలుగు అకాడమీ ఇంటర్ గణితం పుస్తకం ఒకటి తెప్పించుకోండి. మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, శాంకవాలు మన మాటల్లో చదువుకోవచ్చు. ప్లస్‌టూలోని డిస్క్రీట్ మాథమెటిక్స్ పాఠానికి మాత్రం అది అక్కరకు రాదు. ఆ పాఠానికి బడి పుస్తకమే దిక్కు. భయపడక్కర్లేదు, సత్య పట్టికలకు భాష పెద్దగా అక్కర్లేదు. నిజమో కాదో వేసుకుంటూ పోవడమే.

పదకొండు ఎగ్గొడితే..

ప్లస్‌టూ పుస్తకంలో పన్నెండు పాఠాలు. పేర్లు చూస్తే మాత్రికల అనువర్తనాలు, సదిశల అనువర్తనాలు, అవకలనం అనువర్తనాలు, సమాకలనం అనువర్తనాలు. అంటే అసలు అవకలనం, సమాకలనం నేర్పేది ప్లస్‌వన్‌లో. అక్కడ నేర్చుకున్నదాన్ని ఇక్కడ వాడటమే. పునాది లేకుండా మేడ కట్టలేం కదా!

ప్రైవేటు బళ్లు కొన్ని ఒకప్పుడు ప్లస్‌వన్ పాఠాలు పక్కన పెట్టేసి రెండేళ్లూ ప్లస్‌టూనే రుద్దేవి. అది ఆపడానికే 2017-18లో ప్లస్‌వన్‌కూ పబ్లిక్ పరీక్ష పెట్టారు. 2025 ఆగస్టులో వచ్చిన రాష్ట్ర విద్యా విధానంలో దాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. పిల్లల మీద ఒక పరీక్ష భారం తగ్గిందన్నది నిజమే. కానీ మన పిల్లలకు ప్లస్‌వన్ ఏడాది అంటే లెక్కల ఏడాదే కాదు, భాష మారే ఏడాది. పబ్లిక్ పరీక్ష లేదు కదా అని ఆ ఏడాది చేజారితే, రెండో ఏడాదిలో కొత్త పాఠం, కొత్త మాట రెండూ ఒకేసారి మీద పడతాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు జూన్‌లోనే ఓ పదిహేను రోజులు మూడు భాషల్లో గణితం మాటలు నేర్పితే సగం సమస్య అక్కడే తీరుతుంది. దానికి నిధులక్కర్లేదు. ఒక బల్ల, ఒక బోర్డు, రెండు భాషలూ వచ్చిన టీచరు ఒకరు చాలు. బడుల పేరెంట్స్ మీటింగుల్లో టాయిలెట్ల గురించి, బస్సుల గురించి అడుగుతున్నాం. ఇది కూడా అడగొచ్చు.

ఇప్పటికే ప్లస్‌టూలో ఉన్నవాళ్లకు అంత సమయం లేదు. హాఫ్ ఇయర్లీ అయ్యాక రివిజన్ టెస్టులు, ఆపైన పబ్లిక్. పరీక్ష రోజు పది గంటలకు పేపరు చేతికిస్తారు. పది నిమిషాలు చదువుకోవడానికి, ఐదు నిమిషాలు వివరాలు నింపడానికి. 10.15కు రాత మొదలు. ఆ పది నిమిషాల్లో ముందు 30, 40 ప్రశ్నలు రెండు భాషల్లోనూ చదవండి. తర్వాత ఐదు మార్కుల లెక్కల్లో ‘ఇదో, అదో’ ఏదన్నది మనసులోనే తేల్చుకోండి. పెన్ను తీసేది ఆ తర్వాతే.