మా అబ్బ వాళ్ళ ఊరికి పోయొచ్చాం

పోయిన ఎండాకాలం ప్రొద్దుటూరు పక్క ఒక వాడలో కూలీల సమావేశం పెట్టాం. మాట్లాడుకోవాల్సింది కూలి రేట్ల గురించి. మధ్యలో ఒక ముసలమ్మ లేచి కొంగుముడి విప్పి ఒక కాగితం చూపింది. ఆమె మామకు ఎన్నడో ఇచ్చిన డి.కె.టి. పట్టా అది. మామ పోయాడు, మొగుడూ పోయాడు. చేను ఆమే దున్నించుకుంటోంది. పేరు మార్చమని ఆఫీసుకు పోతే, “పట్టాదారు నీ మామేనని రుజువేది? వంశవృక్షం పట్టుకురా” అన్నారట.

“ఆ చెట్టు యాడుంటాది నాయనా, యాణ్ణుంచి తెచ్చేది?” అని ఆమె అడిగితే అందరూ నవ్వారు. నవ్వు ఆగినాక మేము ఒక్కొక్కరినే అడిగాం: మీ అబ్బకు నాయన పేరేమి? నలభై మందిలో చెప్పగలిగినవాళ్ళు ఐదారుగురు. మా వంతు వచ్చేసరికి మేమూ తడుముకున్నాం. ఊరూరా తిరిగి హక్కుల గురించి ఉపన్యాసాలు చెప్పేవాళ్ళం, మా ముత్తాత పేరు మాకే తెలియదు! సిగ్గనిపించింది. ముందు మా సంగతే తేల్చుకుందామని, వాడలో చదువుకున్న పిల్లవాణ్ణి ఒకణ్ణి తోడు తీసుకుని బయలుదేరాం.

చేతిలో ఉన్న ఆధారం ఒక్కటే. మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. కూలీ కుటుంబాల్లో ఇది మామూలే. బతకడానికి వచ్చినవాణ్ణి కొత్త ఊరివాళ్ళు పాత ఊరి పేరుతో పిలుస్తారు, రెండు తరాలు తిరిగేసరికి అదే ఇంటిపేరై కూర్చుంటుంది. ఆ ఊరు పులివెందుల తట్టు ఉందని మా నాయన చెప్పేవాడు. ఆయన మాత్రం ఎన్నడూ పోలేదు. (ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడివాళ్ళ భూమి తగాదా కోర్టులో ఉంది.)

మొదట జమ్మలమడుగు పోయాం. మా మేనత్త ఆ పక్కనే పునరావాస కాలనీలో ఉంటోంది. ఆమె అత్తగారి ఊరు గండికోట రిజర్వాయరు కింద మునిగిపోయింది. 2020లో తాళ్లప్రొద్దుటూరు జనం ఇళ్ళు ఖాళీ చేయలేమని మొత్తుకున్న రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఇరవై ఆరు టి.ఎం.సి.లకు పైగా పట్టే రిజర్వాయరు అది. మా అబ్బ చివరి రోజుల్లో కూతురి దగ్గరే ఉండి అక్కడే కన్నుమూశాడు. “మీ అబ్బను పూడ్చిన కాడ ఇప్పుడు పడవ తిరగాల” అంది అత్త. ఆ తర్వాత కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఆమె చెప్పిన మాటల్లో మాకు దారి చూపినది ఒకటుంది. “మా అబ్బను సంకనేసుకోని వాళ్ళమ్మ ధాత కరువులో ఈ పక్కకు వచ్చిందంట. వాళ్ళ నాయన ఆ ఊళ్ళోనే సచ్చిపోయినాడంట.” అక్షరం రాని మనిషి చెప్పిన ఈ మాటలో తారీఖు ఉంది. ధాత సంవత్సరమంటే 1876–77, దాని వెనకది ఈశ్వర. ఆ రెండేళ్ళ కరువులో కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు వల్లకాడయ్యాయి. కరువు పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని 1877లో రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టాడు. ఆ తిండితో మనిషి పనిచేయలేడని కార్నిష్ అనే ప్రభుత్వ వైద్యాధికారే ఎదురు తిరిగి వాదించాడు. అప్పటికే కర్నూలు–కడప కాలువ పారుతోంది. కాలువ కింద కలుపో కోతో దొరక్కపోదని ఆ తల్లి బిడ్డనెత్తుకుని నడిచి ఉంటుంది.

అత్త మామగారి వైపువాళ్ళు క్రైస్తవులు. లండన్ మిషన్‌వాళ్ళు జమ్మలమడుగులో చాలాకాలం పనిచేశారు. బాప్తిస్మం పుస్తకాల్లో పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు రాస్తారు. దళితవాడల్లో ఎన్నో కుటుంబాలకు మొదటి రాత అదే. మావాళ్ళు అందులో లేరు కాబట్టి, ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాం.

రెడ్లకు పిచ్చుకుంట్లవాళ్ళున్నారు, ఇంటింటికీ వచ్చి వంశం చదువుతారు. మాదిగలకు డక్కలివాళ్ళున్నారు. వాళ్ళ నోట్లో ఉన్న పేర్లు ఏ ఆఫీసులోనూ చెల్లవనుకోండి. రెవెన్యూ పుస్తకాల సంగతికొస్తే, రైతువారీలో పట్టా ఉన్నవాడే మనిషి. చేను దున్నినవాడికీ కలుపు తీసినదానికీ అందులో గడి లేదు. కరణాల చేతిలో ఉన్న కట్టలు 1984లో ఆ ఉద్యోగాలు రద్దయినాక చేతులు మారాయి.

అయినా ఒక చోట మనవాళ్ళు దొరుకుతారని పులివెందులలో ఒక రిటైరైన ఉద్యోగి చెప్పాడు. 1858లో పెట్టిన ఇనాం కమిషన్ కాలం నాటి రికార్డు. ఊరి పనివాళ్ళ మాన్యాలు ఉన్నచోట తలారి, నీరుగంటి, వెట్టి పేర్లు కనిపిస్తాయి. ఆయన చలవతో ఒక నకలు చూశాం. ఆ ఊరి వెట్టివాడి పేరు, ఎకరాకు తక్కువ మెట్టచేను. ఆ పేరు చదవగానే ఉలిక్కిపడ్డాం. మా అబ్బ నాయన పేరు కూడా అదేనని అత్త రెండురోజుల కిందటే చెప్పింది! తాత పేరు మనవడికి పెట్టడం మన వాడల్లో ఆచారం గదా. సంకనెక్కి వచ్చిన ఆ కరువు బిడ్డకు, ఊళ్ళోనే చచ్చిపోయిన తండ్రి తన నాయన పేరు పెట్టుకున్నాడన్నమాట.

సముద్రాలు దాటిపోయిన కూలీల సంగతి ఇక్కడ చెప్పాలి. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా లక్షా యాభై వేలకు పైగా మనుషులను ఒప్పందపు కూలీలుగా నేటాలుకు తీసుకుపోయారు. ప్రతి కూలీకీ ఒక నంబరు. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది గుర్తులు కూడా రాశారు. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్నారు గానీ ప్రేమతో కాదు. ఈనాడు వాళ్ళ మునిమనవలు ఆ జాబితాలు పట్టుకునే ఊళ్ళు వెతుక్కుంటున్నారు. మారిషస్‌కు పోయినవాళ్ళ సంతతికి ఏడో తరం దాకా ఓ.సి.ఐ. కార్డు ఇస్తామని 2024 మార్చిలో ప్రకటించారు. మంచిదే. ఊళ్ళోనే ఉండిపోయిన కూలీకి మాత్రం రెండో తరంలోనే రుజువు కరువైంది.

ఊళ్ళో ఆ చేను అడిగితే ఒక ముసలాయన “వెట్టోని మాన్యమా? అదిగో” అని చూపాడు. ఇప్పుడది పెద్ద చీనీతోటలో ఒక మూల. బోరు, డ్రిప్పు పైపులు, ముళ్ళకంచె. మాతో వచ్చిన పిల్లవాడు కంచె పట్టుకుని చాలాసేపు లోపలికి చూశాడు. “అన్నా, పోయినేడు మా అమ్మోళ్ళు లారీలో వచ్చి కాయలు కోసింది ఈ తోటలోనే” అన్నాడు.

తిరిగి వచ్చినాక ముసలమ్మ పని పట్టుకున్నాం. ఆమె మొగుడు రెండో తరగతి దాకా చదివాడట. బడి అడ్మిషన్ రిజిస్టరులో అతని పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు దొరికాయి. పట్టా మీది పేరూ అదే. హెడ్మాస్టరు సంతకంతో నకలు తీసుకుని అర్జీకి జతచేశాం. రశీదు ఇవ్వమంటే మొదట లేదన్నారు. పదిమందిమి అక్కడే కూర్చున్నాం. సాయంత్రానికి ఇచ్చారు. ఆమె దాన్ని మళ్ళీ మళ్ళీ మడిచి, పట్టాతో కలిపి కొంగున ముడేసుకుంది.