మీకు తెలుసా? మన జిల్లా పరిషత్ హైస్కూలు ముచ్చట్లు

హైస్కూలు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది గంట. చాలా ఊళ్ళలో అది నిజానికి గంట కాదు, వేపకొమ్మకో వరండా దూలానికో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఇనప కడ్డీతో కొడితే ఆ మోత పొలాల దాకా వినిపించేది. మా అమ్మ గడియారం చూసేది కాదు, మధ్యాహ్నం లాంగ్ బెల్ విని ఎసరు పెట్టేది. ఆ గంట కింద చదువుకున్నవాళ్ళం లక్షల్లో ఉన్నాం. కానీ ఆ ఆవరణలో రోజూ చూసినవాటి వెనక ఎంత కథ ఉందో మనకు చెప్పినవాళ్ళు తక్కువ. ప్రేయర్‌తోనే మొదలుపెడతాను.

ప్రతిజ్ఞ రాసింది ఎవరు?

ఉదయాన్నే కుడిచెయ్యి ముందుకు చాచి, ఒకరు చెబుతుంటే అందరం పలికే ప్రతిజ్ఞ మొదట తెలుగులోనే పుట్టింది. రాసినవారు పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టారు, ట్రెజరీ శాఖలో అధికారి. 1962లో, చైనా యుద్ధం నాటి రోజుల్లో, విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ దీన్ని రాశారు. తెన్నేటి విశ్వనాథం చదివి మెచ్చుకుని, అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు దగ్గరికి చేర్చారు. 1963లో విశాఖలోని ఒక బడిలో పిల్లలు తొలిసారి పలికారు. మరుసటి ఏడాది బెంగళూరులో ఎం.సి. చాగ్లా అధ్యక్షతన జరిగిన కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం దేశమంతటా పలికించాలని సూచించింది. 1965 జనవరి 26 నుంచి అది అన్ని భాషల్లోకీ వెళ్ళింది.

పుస్తకం మొదటి పేజీల్లో ప్రతిజ్ఞ ఉండేది గానీ, చాలా ఏళ్ళపాటు కింద ఆయన పేరు ఉండేది కాదు. మనవరాలు పాఠ్యపుస్తకం తీసి చదువుతుంటే విని, అది తను రాసినదేనని ఆయన గుర్తుపట్టారని చెబుతారు. ఈ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు వేరే పని చెయ్యలేకపోయాను. పదేళ్ళు రోజూ పలికాను, ఒక్కసారీ ఎవరు రాశారని అడగలేదు. ఇప్పుడు పుస్తకాల్లో ఆయన పేరు వేస్తున్నారు. పిల్లల చేత ప్రతిజ్ఞతో పాటు ఆ పేరూ చెప్పించాలని నా కోరిక.

బడికి వెళ్ళని కవి పాట బడిలో

తెలంగాణ బడుల్లో వినిపించే 'జయ జయహే తెలంగాణ' రాసిన అందెశ్రీ బడిలో చదువుకోలేదు. పశువులు కాశారు, తాపీపని చేశారు. తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2024 జూన్ 2న ఆ పాట రాష్ట్ర గీతమైంది. అక్షరాలు నేర్పే చోట రోజూ మొదట వినిపించే గొంతు, ఆ చోటికి రాలేకపోయిన మనిషిది.

ఆంధ్రలో పాడే 'మా తెలుగు తల్లికి' కథ వేరు. శంకరంబాడి సుందరాచారి దాన్ని 1942లో 'దీనబంధు' సినిమా కోసం రాశారు. సినిమావాళ్ళు వాడుకోలేదు. టంగుటూరి సూర్యకుమారి గొంతుతో వచ్చిన గ్రామఫోను రికార్డే దాన్ని ఊరూరా తిప్పింది.

'జెడ్.పి.' ఎక్కడి నుంచి వచ్చింది?

గేటు మీద 'జి.ప. ఉన్నత పాఠశాల' అని రాసి ఉంటుంది. కోస్తా, రాయలసీమల్లో మన తాతలు మాత్రం 'బోర్డు హైస్కూలు' అనేవారు. మద్రాసు రాష్ట్రంలో 1920 నాటి స్థానిక బోర్డుల చట్టం కింద జిల్లా బోర్డులు ఈ బడులను నడిపేవి. 1959లో పంచాయతీరాజ్ వచ్చి జిల్లా బోర్డు పోయి జిల్లా పరిషత్ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వ్యవస్థను నెహ్రూ ప్రారంభించింది పాలమూరు వైపు షాద్‌నగర్‌లో. ఆ ఏడాదే అంతకు కొద్ది రోజుల ముందు రాజస్థాన్‌లో మొదలైంది, రెండో రాష్ట్రం మనదే. గేటు మీది పేరు మారింది గానీ, పెద్దవాళ్ళ నోట 'బోర్డు స్కూలు' చాలాకాలం పోలేదు.

ఇంగ్లిష్ ఇప్పటికీ 'మూడో భాష'

పదో తరగతి పరీక్షల లెక్కలో తెలుగు మొదటి భాష, హిందీ రెండో భాష, ఇంగ్లిష్ మూడో భాష. ఇప్పుడు ఇంగ్లిష్ ఒకటో తరగతిలోనే మొదలవుతుంది, హిందీ ఆరులో వస్తుంది, అయినా ఆ వరస మారలేదు. ఆంధ్రప్రదేశ్‌లో హిందీకి 20 మార్కులొస్తే గట్టెక్కినట్టే, మిగతావాటికి 35 రావాలి. హిందీ మేడమ్‌కు పిల్లలు భయపడకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

చాలాకాలం పదో తరగతికి పదకొండు పేపర్లు ఉండేవి. పదీ కాదు, పన్నెండూ కాదు, పదకొండేమిటని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు, సోషల్ రెండేసి పేపర్లు, హిందీ ఒక్కటే. రెండు వారాలపాటు ఊళ్ళో పెళ్ళి మైకులు పెట్టనిచ్చేవారు కాదు. కరోనా తర్వాత రెండు రాష్ట్రాలూ పేపర్ల సంఖ్య తగ్గించేశాయి.

పుస్తకాలూ మారాయి. ఇంగ్లిష్ మీడియం వచ్చాక రెండు రాష్ట్రాలూ ద్విభాషా పుస్తకాలు ఇస్తున్నాయి. ఒక పేజీలో తెలుగు, ఎదురుగా అదే పాఠం ఇంగ్లిష్‌లో. ఇంట్లో చదువు చెప్పేవాళ్ళు లేని పిల్లకు ఆ ఎదురు పేజీ ఎంత ఆసరానో, కిరణజన్య సంయోగక్రియను ఇంగ్లిష్‌లో మొదటిసారి చూసినవాళ్ళకు తెలుస్తుంది.

అన్నం లెక్క

మధ్యాహ్న భోజనానికి కేంద్రం డబ్బు ఎనిమిదో తరగతి వరకే వస్తుంది. తొమ్మిది, పది పిల్లలకు మన రెండు రాష్ట్రాలూ సొంత ఖర్చుతో పెడుతున్నాయి. పద్నాలుగు, పదిహేనేళ్ళ వయసులో ఆకలి ఎక్కువ, అప్పుడే కంచం తీసేస్తే ఎలా? ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఈ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆమె (1841-1909) కోనసీమలో లంకల గన్నవరం ఇల్లాలు. గోదావరి దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా లేకుండా వండి పెట్టింది, కులం అడగలేదు. అక్కడి అక్విడక్టుకూ ఆమె పేరే.

ఉన్ని బంతి ఆట

గ్రౌండ్ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ఖోఖో అందరికీ తెలుసు: ఎనిమిది మంది ఒకరు అటు ఒకరు ఇటు మొహం పెట్టి కూర్చుంటారు, తొమ్మిదో మనిషి తరుముతుంది. చెడుగుడుకు ఏడుగురేసి. కానీ మన హైస్కూళ్ళలో బాల్ బ్యాడ్మింటన్ అనే ఆట ఒకటుండేది, కొన్నిచోట్ల ఇంకా ఉంది. తంజావూరు రాజవంశం ఆడిన ఆట అంటారు. ఈకల బంతి కాదు, పసుపు ఉన్నితో చేసిన బంతి. జట్టుకు ఐదుగురు. ఆరుబయట మట్టి కోర్టు చాలు, గాలి వీచినా ఉన్ని బంతి అంత తేలిగ్గా దారి తప్పదు. మన ఎండకూ మన నేలకూ సరిపోయిన ఆట.

ఆ ఆటలో దేశంలో మొదటి అర్జున అవార్డు 1970లో వరంగల్‌లో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్యకు వచ్చింది. ఆయన నూరేళ్ళు దాటి బతికి 2021లో కన్నుమూశారు. క్రికెటర్ల పేర్లు వరసగా అప్పజెప్పే పిల్లలకు ఈ పేరు పి.ఇ.టి. సార్ ఒక్కసారి చెప్పినా గుర్తుండిపోతుంది.

మరో మూడు, క్లుప్తంగా

ఆరు నుంచి పది చదివే పిల్లలు కొత్త ఆలోచన ఒకటి పంపి 'ఇన్‌స్పైర్ మనక్'కు ఎంపికైతే, నమూనా చేసుకోవడానికి పదివేల రూపాయలు నేరుగా వాళ్ళ ఖాతాలో పడతాయి. ఎనిమిదో తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000. పేద ఇంటి పిల్లలకు ఉద్దేశించింది. మీ ఇంటి పక్కన ఎనిమిది చదివే అమ్మాయి ఉంటే దయచేసి చెప్పండి, దరఖాస్తు చెయ్యకపోవడం వల్లే చాలామంది పోగొట్టుకుంటున్నారు.

గురుకులాలు కూడా మన దగ్గర పాతవే. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేల్‌లో మొదటిది తెరిచారు. వెంటనే కోస్తాలో తాడికొండ, సీమలో కొడిగెనహళ్ళి.

పిల్లలే సార్లయ్యే రోజు

స్వపరిపాలన దినోత్సవం వేరే రాష్ట్రాల స్నేహితులకు వివరించబోతే ఆశ్చర్యపోతారు. ఆ రోజు పదో తరగతి పిల్లలే హెచ్.ఎం., డి.ఇ.ఓ., కలెక్టర్, విద్యామంత్రి. అమ్మాయిలు అమ్మ చీర కట్టుకుని, చేతిలో హాజరు పట్టీతో ఆరో తరగతిలోకి వెళ్తారు. అటెండర్ పాత్రకు కూడా పోటీ ఉంటుంది, గంట కొట్టే హక్కు వాడిదే కదా. ఇస్త్రీ చొక్కా కోసం పక్కింటి అన్నయ్యను బతిమాలిన ఉదయం నాకింకా గుర్తుంది. బోర్డు మీద సుద్దముక్కతో మొదటి గీత గీస్తుంటే చెయ్యి వణికింది. వెనక బల్ల మీద కూర్చుని మా లెక్కల సారు, నిజం విద్యార్థిలా నోట్సు రాసుకున్నారు.

చివరిగా, పుట్టుమచ్చలు

పదో తరగతి నామినల్ రోల్స్ రాసే రోజుల్లో క్లాసు టీచర్ ఒక్కొక్కరినీ పిలిచి పుట్టుమచ్చలు అడుగుతారు. రెండు కావాలి. ఎస్.ఎస్.సి. సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నాలుగా అవే ఎక్కుతాయి. దొరకని పిల్లలు మోచేతులు, మెడలు వెతుక్కుంటారు, స్నేహితులు సాయం పడతారు. అదే కాగితం మీది పుట్టిన తేదీ పాస్‌పోర్టు నుంచి పదవీ విరమణ దాకా మనతో నడుస్తుంది. పాత తరంలో చాలామంది పుట్టినరోజు జూన్ ఒకటో, జూలై ఒకటో అయి ఉండటం గమనించారా? బడిలో చేర్చే రోజున నాన్నకు తేదీ గుర్తులేకపోతే, వయసు సరిపోయేలా సార్లే ఒకటి వేసేవారు.

మీ సర్టిఫికెట్ బీరువాలోంచి ఒకసారి తీసి చూడండి. ఎడమ మోచేతి మీద మచ్చ అని ఉంటే, అది వెతికిపెట్టింది ఏ స్నేహితుడో గుర్తొస్తాడు.