తాళం తిప్పే ముందు



మన చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్క కారు నడపడం నేర్చుకుంటోంది. వాళ్ళాయన కారు కిరాయికి తిప్పుతాడు. "ఆయనకి ఒంట్లో బాగోకపోతే బండి ఆగిపోతోంది టీచరమ్మా! అప్పు వాయిదా మాత్రం ఆగదు కదా. అందుకే నేనూ నేర్చుకుంటున్నా" అంది.

"మొదటి రోజు ఏం నేర్పారు?" అని అడిగాను.

"బండి స్టార్ట్ చేయడం" అంది.

మిగతా వాళ్ళు నవ్వారు. "అందులో నేర్చుకునేదేముంది? తాళం తిప్పితే సరి!" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. మా వీధిలో జరిగిన సంగతి గుర్తుకొచ్చింది. ఒక సెలవు రోజు ఒకాయన కారు ఎక్కాడు. గేరు చూసుకోలేదు. తాళం తిప్పాడు. కారు ఒక్కసారి ముందుకు దూకి గోడని గుద్దింది. అంతకు ముందు దాకా ఆ గోడ దగ్గరే పిల్లలు గోళీలు ఆడుకున్నారు. అన్నానికి అమ్మ పిలిస్తే ఇంట్లోకి వెళ్ళారు. ఆ పిలుపే వాళ్ళని కాపాడింది.

కారు ఎందుకు దూకింది?

ఇంజను తనంతట తాను మొదలవదు. ముందు దాన్ని తిప్పాలి. ఆ పని ఒక చిన్న మోటారు చేస్తుంది. డ్రైవర్లు దాన్ని 'సెల్ఫ్' అంటారు. దానికి కరెంటు బ్యాటరీ నుంచి వస్తుంది. సెల్ఫ్ తిప్పగానే ఇంజనులోకి గాలి, పెట్రోలు వెళ్తాయి. లోపల నిప్పురవ్వ పుడుతుంది. పెట్రోలు అంటుకుంటుంది. ఇక ఇంజను తనే తిరుగుతుంది.

బండి గేరులో ఉంటే ఇంజనుకీ చక్రాలకీ లంకె ఉంటుంది. ఇంజను తిరిగితే చక్రాలూ తిరుగుతాయి. అందుకే ఆ కారు దూకింది. క్లచ్ తొక్కితే ఆ లంకె విడిపోతుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టినా విడిపోతుంది.

పాత కారు, కొత్త కారు

1983లో మారుతి 800 కారు వచ్చింది. ఆ రోజుల్లో కార్లకి చోక్ ఉండేది. చలికాలం పొద్దున్నే చోక్ లాగాలి. యాక్సిలరేటర్ నాలుగుసార్లు తొక్కాలి. పంపు స్టవ్వుకి గాలి కొట్టినట్టే అనుకోండి.

ఇప్పటి కార్లలో చోక్ లాగే పని లేదు. లోపల చిన్న కంప్యూటరు ఉంటుంది. ఇంజను చల్లగా ఉందో, వేడిగా ఉందో అదే చూస్తుంది. ఎంత పెట్రోలు కావాలో అంతే పంపిస్తుంది. కాబట్టి స్టార్ట్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కొద్దు.

పెట్రోలు సంగతి కారు చూసుకుంటుంది. మనుషుల సంగతి మనమే చూసుకోవాలి.

వరుసగా చేద్దాం

1. ఎక్కే ముందు కారు చుట్టూ ఒకసారి తిరగండి. వంగి కింద చూడండి. పసిపిల్లలు, కుక్కలు, కోళ్ళు ఉండొచ్చు.

2. కారు షెడ్డులో ఉంటే తలుపులు బార్లా తెరవండి. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. అది కంటికి కనపడదు. దానికి వాసన లేదు. మూసిన గదిలో తల నొప్పి, తల తిరుగుడు వస్తాయి. ప్రాణమే పోవచ్చు. స్టార్ట్ కాగానే బండిని బయటికి తీయండి.

3. కూర్చుని బెల్టు పెట్టుకోండి. హ్యాండ్ బ్రేకు వేసి ఉందా? చూడండి. క్లచ్ పూర్తిగా తొక్కండి. గేరు కర్రని అటూ ఇటూ కదిపి చూడండి. సులువుగా ఊగితే న్యూట్రల్‌లో ఉన్నట్టు. కుడికాలు బ్రేకు మీద ఉంచండి.

4. తాళం 'ఆన్' దాకా తిప్పి ఆగండి. ఎదురుగా బొమ్మల లైట్లు వెలుగుతాయి. అక్షరాలు చదివినట్టే వాటినీ చదవాలి. ముక్కు ఉన్న నూనె డబ్బా, దాని చివర చుక్క ఉంటే అది ఇంజన్ ఆయిల్ గుర్తు. పెట్టె మీద కూడిక, తీసివేత గుర్తులుంటే బ్యాటరీ. డీజిలు కారులో చుట్టలు తిరిగిన తీగ బొమ్మ వెలిగితే, అది ఆరేదాకా ఆగాలి. లోపల వేడెక్కుతోందని దాని అర్థం.

5. ఇప్పుడు తాళం 'స్టార్ట్' దాకా తిప్పండి. ఇంజను అందుకోగానే వదిలేయండి. ఇంజను ఆడుతుంటే మళ్ళీ తిప్పొద్దు. గరగర మని పళ్ళు అరిగిపోతాయి.

6. ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు ఆరిపోవాలి. ఎర్రటి ఆయిల్ లైటు ఆరకపోతే వెంటనే ఇంజను ఆపేయండి. మెకానిక్‌ని పిలవండి.

స్టార్ట్ అయ్యాక రయ్యిమని రేజు ఇవ్వొద్దు. నూనె అన్ని భాగాలకీ చేరడానికి కొద్ది క్షణాలు పడుతుంది. అలాగని పది నిమిషాలు నిలబెట్టి ఆడించక్కర్లేదు. అర నిమిషం ఆగి, మొదట్లో మెల్లగా నడిపితే చాలు.

కొన్ని కార్లకి తాళం బదులు మీట ఉంటుంది. క్లచ్, బ్రేకు తొక్కి మీట నొక్కాలి. క్లచ్ లేని ఆటోమేటిక్ కారయితే గేరు 'పీ' అక్షరం దగ్గర ఉంచి, బ్రేకు తొక్కి నొక్కాలి.

స్టార్ట్ కాకపోతే?

పట్టుదలగా తిప్పుతూనే ఉండొద్దు. అయిదు, పది సెకన్లు చూసి వదిలేయండి. అర నిమిషం ఆగి మళ్ళీ చూడండి. లేకపోతే సెల్ఫ్ వేడెక్కుతుంది. బ్యాటరీ అయిపోతుంది. టక టక మని శబ్దం వచ్చి, లైట్లు మసకగా ఉంటే బ్యాటరీ బలహీనంగా ఉన్నట్టు.

ఇంకో మాట. తాళంచెవి పిల్లలకి అందనివ్వొద్దు. 18 ఏళ్ళు నిండి, లైసెన్సు ఉన్న వాళ్ళే కారు నడపాలి.

ఇప్పుడు ఆ అక్క రోజూ వంగి కారు కింద చూశాకే ఎక్కుతోంది. మొదట్లో వాళ్ళాయన నవ్వాడట. ఇప్పుడు ఆయనా చూస్తున్నాడట!

మీ ఇంట్లో బండి నడిపే వాళ్ళకి ఈ పాఠం చదివి వినిపించండి.

ఆలోచించి చెప్పండి

1. గేరులో ఉన్న కారు ఎందుకు దూకుతుంది?
2. షెడ్డు తలుపులు ఎందుకు తెరవాలి?
3. ఏ లైటు ఆరకపోతే ఇంజను ఆపాలి?