డెలివరీ డ్రైవర్‌కి కోర్టు మెట్లెక్కే హక్కుందా?

సిస్కో మీద 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ వేసిన కులవివక్ష కేసు మనకు తెలిసిందే. దాంట్లో మనం అంతగా పట్టించుకోని మలుపు ఒకటుంది. దళిత ఇంజనీరు చేసిన ఆర్బిట్రేషన్ ఒప్పందాన్ని చూపి, కేసును కోర్టు బయటికి నెట్టాలని కంపెనీ ప్రయత్నించింది. ఆ ఒప్పందం చేసుకున్నది ప్రభుత్వ శాఖ కాదు కనుక కుదరదని 2022లో రాష్ట్ర అప్పీలు కోర్టు చెప్పింది. ఆ ఇంజనీరే ఒంటరిగా కోర్టుకెళ్లి ఉంటే?

ఆర్బిట్రేషన్ అంటే జీతం ఎగ్గొట్టినా, వివక్ష చూపినా ప్రైవేటు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవడం. విచారణ నాలుగు గోడల మధ్యే, అప్పీలు దాదాపు లేనట్టే. నలుగురూ కలిసి కేసు వేసే దారినీ ఒప్పందంతో మూసేయొచ్చని 2018లో ఎపిక్ సిస్టమ్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

వీటికి బలం 1925 నాటి ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టం. అయితే దాని మొదటి సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. ఓడ కార్మికులు, రైల్వే ఉద్యోగులు, అంతర్రాష్ట్ర, విదేశీ వాణిజ్యంలో ఉన్న ఇతర కార్మికుల ఉద్యోగ ఒప్పందాలకు ఆ చట్టం వర్తించదు. ఆ 'ఇతర' అంటే రవాణా కార్మికులేనని 2001లో సర్క్యూట్ సిటీ తీర్పు కుదించింది.

మరి డెలివరీ డ్రైవర్? 'నువ్వు ఉద్యోగివి కాదు, కాంట్రాక్టర్‌వి' అనే సాకు 2019లో న్యూ ప్రైమ్ కేసులో లారీ డ్రైవర్ గెలవడంతో పోయింది. యజమాని రవాణా కంపెనీయే కానక్కర్లేదని 2024లో రొట్టెలు పంచే డ్రైవర్ల కేసు తేల్చింది. మిగిలింది అంతర్రాష్ట్రం అన్న మాట. అమెజాన్ ఫ్లెక్స్ డ్రైవర్లు రాష్ట్ర సరిహద్దు దాటకపోయినా, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పార్శిల్ ప్రయాణంలో చివరి మైలు వాళ్లదే కనుక మినహాయింపు ఉందని 2020లో రెండు ఫెడరల్ అప్పీలు కోర్టులన్నాయి. అదే ఏడాది గ్రబ్‌హబ్ తిండి డెలివరీ వాళ్లకు మరో అప్పీలు కోర్టు కాదంది. ఆ తీర్పు రాసింది ఏమీ కోనీ బారెట్, సుప్రీంకోర్టుకు వెళ్లకముందు. హోటల్ నుంచి ఇంటికి తిండి మోయడం ఊళ్లో పనేనట. ఎండా వానా ఇద్దరికీ ఒకటే, సంచిలో ఏముందన్న దాన్ని బట్టి కోర్టు గడప మారుతోంది!

ఇంకో చిక్కుంది. ఫెడరల్ చట్టం వర్తించకపోయినా రాష్ట్ర ఆర్బిట్రేషన్ చట్టం కింద కంపెనీలు మళ్లీ లాగుతాయి.

అక్కడ చదువుతూ డెలివరీ పనిలో చేరే మనవాళ్లు యాప్‌లో 'అంగీకరిస్తున్నాను' నొక్కేముందు ఆ షరతు చదవాలి. కొన్ని ఒప్పందాల్లో 30 రోజుల్లోగా ఆర్బిట్రేషన్ వద్దని రాసి పంపే వీలుంటుంది. పంపిన దానికి కాపీ దాచుకోండి.