కాల్వ దాటితేనే పుదుచ్చేరి

సముద్రం వైపు సాగే తిన్నని వీధులు... పసుపు గోడలు, తెల్లని అంచులు... ప్రహరీల మీంచి వాలే కాగితపు పూల తీగలు. పుదుచ్చేరి అనగానే అందరికీ గుర్తొచ్చే బొమ్మ ఇదే. కానీ ఇది సగం ఊరే! మిగతా సగం కాల్వకు అవతల ఉంది. ఆలుమగలిద్దరూ ఓ శని, ఆదివారాలు కేటాయించుకుంటే చాలు... రెండు సగాలనూ కాలినడకనే చూసి రావచ్చు.

వెళ్లడం కష్టమేం కాదు. చెన్నై నుంచి ఈస్ట్‌కోస్ట్ రోడ్డు మీద సుమారు 150 కిలోమీటర్లు. బస్సులో మూడు నాలుగు గంటలు. శుక్రవారం రాత్రి విజయవాడలో రైలెక్కి పొద్దున్నే చెన్నైలో దిగితే, మధ్యాహ్న భోజనం పుదుచ్చేరిలోనే చేయొచ్చు. 2006లో పాండిచ్చేరి కాస్తా పుదుచ్చేరిగా మారినా జనం నోట మాత్రం అది ఇంకా 'పాండి'యే.

బుస్సీ దొర ఎదురైతే...

శనివారం సాయంత్రం ఎండ తగ్గాక సముద్రం పక్కనున్న ఫ్రెంచి భాగం నుంచి నడక మొదలుపెట్టొచ్చు. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ ఇక్కడ అడుగుపెట్టింది 1674లో. 1693లో డచ్చివాళ్లు ఊరిని పట్టుకుని ఆరేళ్లకు తిరిగిచ్చేశారు. చదరంగం గళ్లలా వీధులు గీసే పథకం వేసింది ఆ డచ్చివాళ్లే. 1761లో ఇంగ్లిషు సేనలు ఫ్రెంచి కట్టడాలను నేలమట్టం చేశాయి. కాబట్టి ఈ వైపు కనిపించే భవనాల్లో చాలావరకు ఆ తర్వాత కట్టుకున్నవే.

వీధుల పేర్లు చదువుకుంటూ వెళ్తే తెలుగువాళ్లకు ఓ పాత పరిచయం ఎదురవుతుంది. అదే బుస్సీ వీధి! 1757 జనవరిలో విజయనగరం రాజు పక్షాన ఫిరంగులతో బొబ్బిలి కోట మీదికి వచ్చిన బుస్సీ ఇతడే. డూప్లే ఇక్కడ గవర్నరుగా ఉన్న కాలంలో దక్కనుకు పంపిన సేనాని. ఆ వీధి ఇప్పుడు లాల్‌బహదూర్ శాస్త్రి వీధి అయినా పాత పేరును జనం మర్చిపోలేదు. కాకినాడ దగ్గరి యానాం కూడా ఈ కేంద్రపాలిత ప్రాంతంలోదే కాబట్టి, పుదుచ్చేరి మనకు మరీ పరాయి ఊరేం కాదు.

1954 నవంబరు 1న ఊరి పాలన భారతదేశం చేతికొచ్చింది. చట్టప్రకారం బదిలీ పూర్తయింది మాత్రం 1962 ఆగస్టు 16న. అప్పట్లో ఫ్రెంచి పౌరసత్వమే కోరుకున్న తమిళ కుటుంబాల వారసులు ఇప్పటికీ ఇక్కడున్నారు. అందుకే ఏటా జులై 14న ఫ్రాన్స్ జాతీయ దినోత్సవం పాండిలోనూ జరుగుతుంది.

పోయిన ఇసుక... వచ్చిన ఇసుక

సాయంత్రం ఆరు దాటితే బీచ్ రోడ్డు మీదికి వాహనాలను రానివ్వరు. హారన్ల మోత ఉండదు. గాంధీజీ విగ్రహం చుట్టూ చెక్కడాల రాతిస్తంభాలు, కాస్త దూరంలో 1836లో వెలిగించిన పాత లైట్‌హౌసు, పక్కనే అలల చప్పుడు. పిల్లల ఫీజులూ ఇంటి వాయిదాలూ తప్ప మరో మాట మాట్లాడుకునే తీరిక లేని దంపతులకు ఆ ఒక్క నడక చాలు!

అయితే ఈ ఒడ్డుకూ ఓ కథ ఉంది. ఒకప్పుడు ఇక్కడ వెడల్పాటి ఇసుక తీరం ఉండేది. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన రేవు కోసం సముద్రంలోకి అడ్డుగోడలు కట్టారు. ఈ తీరం వెంట ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంటుంది. గోడలు ఆ దారిని ఆపేశాయి. ఊరి ముందున్న ఇసుకను అలలు లాక్కెళ్లాయి కానీ కొత్తది రాలేదు. కోత ఆపడానికి పోసిన నల్లరాళ్లే చాలా ఏళ్లపాటు పాండి బీచ్ అయ్యాయి. 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నిపుణులు ఒడ్డుకు దగ్గర్లో నీటి అడుగున ఉక్కు దిబ్బ దించి, అలల జోరు తగ్గించాక కొంతమేర ఇసుక మళ్లీ చేరింది. అలాగని ఈత సరదా మాత్రం వద్దు, లోపలికి లాగే అలలు ప్రమాదకరం.

అరుగుల వీధుల్లో...

ఆదివారం తెల్లవారుజామున సూర్యోదయం చూసి, ఓ బేకరీలో వేడివేడి క్రోసాంట్లు తిని... ఇక కాల్వ దాటాలి. ఇవతల పూల సువాసన, గుడిగంటలు, ఫిల్టరు కాఫీ!

ఇక్కడి ఇళ్లు ఫ్రెంచి ఇళ్లలా ప్రహరీ వెనక దాక్కోవు. వీధిలోకే అరుగులు వేసుకుని, స్తంభాల మీద పెంకుల చూరు దించుకుని దారినపోయేవాళ్లకు నీడనిస్తాయి. లోపల ఆకాశం కనిపించే నడిముంగిలి. మన మండువా లోగిళ్లు ఎరిగినవాళ్లకు సొంతింట్లో అడుగుపెట్టినట్టే ఉంటుంది. తలెత్తి మేడ వైపు చూస్తే మాత్రం ఆశ్చర్యం... కమాను కిటికీలు, ఫ్రెంచి నగిషీలు! కింద తమిళం, పైన ఫ్రెంచి. అవతలి ఫ్రెంచి ఇళ్లకు సున్నం పూసి, గోడలు లేపిందీ ఇక్కడి మేస్త్రీలే. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పలేనంతగా కలిసిపోయిన పనితనమే పాండి అసలు అందం.

డూప్లేకి దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్లై భవనం ఇందుకు మంచి ఉదాహరణ. ఆయన 1736 నుంచి పాతికేళ్లపాటు తమిళంలో రాసిన డైరీలు ఆనాటి దక్షిణాది రాజకీయాలకు విలువైన ఆధారం. బ్రిటిష్‌వారి కంటపడకుండా 1908 నుంచి పదేళ్లు ఈ ఊళ్లో తలదాచుకున్న మహాకవి సుబ్రహ్మణ్య భారతి ఇల్లు ఈశ్వరన్ కోవిల్ వీధిలో ఉంది. 1910లో ఇక్కడికొచ్చిన అరవిందుల ఆశ్రమం కాల్వకు అటువైపు. అక్కడ మౌనం పాటించాలి. ఇంకో పూట మిగిలితే ఆరోవిల్‌కు వెళ్లొచ్చు. మాతృమందిరం లోపలికి వెళ్లాలంటే మాత్రం ముందే బుక్ చేసుకోవాలి.

గది ఎక్కడ తీసుకుంటారు?

ఈ ప్రశ్నకు అద్దె ఒక్కటే చూసుకుని జవాబు చెప్పొద్దు. పాత ఇళ్లను నిలబెట్టుకోవడం ఖరీదైన పని. సున్నం మేస్త్రీలు కావాలి, టేకు దూలాలు మార్చాలి. అన్నదమ్ముల వాటాల్లో పడ్డ ఇల్లయితే అమ్మేయడమే తేలిక. అలా అరుగుల ఇళ్లు ఎన్నో కూలి అపార్ట్‌మెంట్లు లేచాయి. ప్రభుత్వ భవనాలకూ అదే గతి పట్టింది. బీచ్ రోడ్డు మీది 19వ శతాబ్దపు మేయర్ కార్యాలయం 2014 నవంబరు వానలకు కుప్పకూలింది. అదే రూపంలో మళ్లీ కట్టి 2021లో ప్రారంభించారు. చూడముచ్చటగా ఉంది, కానీ పాత గోడలు పోయినట్టే కదా!

పాత ఇంటిని బాగుచేసి అతిథిగృహంగా మార్చుకున్నవాళ్లు కాల్వకు రెండువైపులా ఉన్నారు. తమిళ వీధుల్లోనూ అలాంటివి దొరుకుతాయి. జనవరి నుంచి మార్చి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది కాబట్టి గదులకు గిరాకీ ఎక్కువ, ముందే చూసుకోవాలి. అలాంటి ఇంట్లో రెండు రాత్రులు ఉంటే, మనమిచ్చే అద్దెలో కొంతైనా ఆ పెంకులకూ దూలాలకూ చేరుతుంది.