గ్రామ పంచాయతీ - మన కళలు, మన నేత వారసత్వము

గ్రామ పంచాయతీ యనగానే మనవారికి మొదట స్ఫురించునవి వీధి దీపము, మంచినీటి కొళాయి, మురుగు కాలువ, ఇంటి పన్ను. ఇవి పంచాయతీ పనులే, సందేహము లేదు. కాని పంచాయతీ బాధ్యత అంతటితో తీరిపోవునది కాదు. ఊరి పాట, ఊరి ఆట, ఊరి గ్రంథాలయము, ఊరి చేతిపని కూడ ఆ సభ ఆలోచింపదగిన విషయములే. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలో తరతరములుగా నిలిచియున్న మన నేత కుటుంబములకు ఈ సంగతి మరింత ముఖ్యము. ఏలయన మన భాషను గురించి, మన పనిని గురించి మనము నోరు విప్పనిచో ఆ ఊరి సభలో మరియొకరు విప్పరు.

చట్టములో ఉన్న సంగతి

1992లో ఆమోదింపబడి, 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు రాజ్యాంగములో స్థానము కల్పించినది. దానితో చేరిన 11వ షెడ్యూలులో 29 విషయములు గలవు. అందులో 9వది ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు, 20వది గ్రంథాలయములు, 21వది సాంస్కృతిక కార్యక్రమములు, 22వది సంతలు, తిరునాళ్లు. అనగా మగ్గమును, భజనను, పుస్తకమును, జాతరను ఒకే పట్టికలో చేర్చినారు.

అయితే ఒక మాట మరువరాదు. ఈ 29 విషయములలో ఏది ఎంతవరకు పంచాయతీకి అప్పగింపవలెనో ఆయా రాష్ట్రముల శాసనసభలే నిర్ణయించును. కావున ఒక రాష్ట్రమునందలి పంచాయతీ చేయగలిగిన పని పొరుగు రాష్ట్రములో అట్లే సాధ్యము కాకపోవచ్చును. మన ఊరి కార్యదర్శిని అడిగి తెలిసికొనుట మొదటి పని.

సొమ్ము విషయమునకు వత్తము. 2021 నుండి 2026 వరకు వర్తించునట్లు పదునైదవ ఆర్థిక సంఘము గ్రామ సంస్థలకు సిఫారసు చేసిన నిధులలో నూటికి 60 వంతులు మంచినీటికి, పారిశుద్ధ్యమునకు ముడిపెట్టబడినవి. తక్కిన 40 వంతులు 11వ షెడ్యూలులోని విషయములపై ఊరి అవసరమును బట్టి వ్యయపరచుటకు వీలు కల్పించిరి. జీతములకు, కార్యాలయపు ఖర్చులకు మాత్రము వాడరాదనిరి. ఊరి అవసరమేదో చెప్పువారు సభలో ఉన్నప్పుడే ఇట్టి వీలు అక్కరకు వచ్చును.

ఇతర భాషా రాష్ట్రములలో నున్న మనకు ఇంకొక ఆధారము గలదు. 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణము, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని చెప్పుచు, రాష్ట్రములతో పాటు స్థానిక సంస్థలను కూడ పేర్కొన్నది. 29వ అధికరణము తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొను హక్కును ఇచ్చుచున్నది. మనము అడుగునది దయాధర్మము కాదు.

యానాం సోదరులకు ఒక మనవి. యానాంలో గ్రామ పంచాయతీ లేదు. ఉన్నది పురపాలక సంఘము. అయినను 12వ షెడ్యూలులో పురపాలక సంఘములకు సాంస్కృతిక, విద్యా విషయముల అభివృద్ధి చేర్చబడియున్నది. కనుక ఈ వ్యాసములోని మాటలు వారికిని వర్తించును.

మూడు ఊళ్లు

మహారాష్ట్రలో సతారా జిల్లాయందలి భిలార్ గ్రామమును 2017 మే 4న పుస్తకముల ఊరుగా ప్రారంభించిరి. పథకము రాష్ట్ర ప్రభుత్వముది. చోటు మాత్రము ఊరివారిది. ఇండ్లలోను, గుడులలోను, బడులలోను మరాఠీ పుస్తకములుంచి, వచ్చినవారు కూర్చుండి చదువుకొనునట్లు ఏర్పరచిరి. పెద్ద భవనము లేకయే ఊరంతయు గ్రంథాలయమైనది.

ఒడిశాలో పూరీ దగ్గరి రఘురాజపురము పటచిత్రములకు పేరుపొందినది. గురు కేలుచరణ్ మహాపాత్ర జన్మించిన ఊరదియే. 2000 ప్రాంతమున దానిని వారసత్వ గ్రామముగా తీర్చిరి. ఇంటి గోడలపై చిత్రములు వెలసినవి, యాత్రికులు రాసాగిరి. 2019 మే 3న వచ్చిన ఫణి తుపాను ఆ ఊరిని తీవ్రముగ దెబ్బతీసినది. వారసత్వమునకు ఒకసారి రంగులు వేసి ఊరకుండిన చాలదు, ఏటేట సంరక్షణ కావలెనని ఆ ఊరు మనకు నేర్పుచున్నది.

తెలంగాణములోని భూదాన్ పోచంపల్లి మనవారందరు ఎరిగిన చిటికి నేత కేంద్రము. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానోద్యమము అచటనే ప్రారంభమైనది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ దానిని ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా ఎంచినది. గౌరవము గొప్పదే. కాని యాత్రికుడు ఫోటో తీసికొని పోయినంత మాత్రమున మగ్గము నిలువదు. చీర అమ్ముడుపోవలెను, నేతగాని కొడుకో కూతురో ఆ మగ్గముపై కూర్చుండుటకు ఇష్టపడవలెను. వారసత్వమని గోడమీద వ్రాసి, లోపల మగ్గము మూలబడినచో ఆ వ్రాత ఎవరికొరకు?

మన వారసత్వమేది?

మన వారసత్వము చీర అంచులోనే లేదు. పడుగు చాపి గంజి పెట్టు చోటు కూడ వారసత్వమే. తెల్లవారుజామున పొడుగాటి వీధిలో, చెట్ల నీడను, నలుగురు కలిసి చేయవలసిన పని అది. వీధి ఇరుకై, బండ్ల రాకపోకలు హెచ్చి, చెట్లు కొట్టివేయబడిన ఊళ్లలో ఆ పనికి చోటు కరవగును. చోటు లేనప్పుడు పడుగు బయటనుండి కొనవలసి వచ్చును. కొంతకాలమునకు ఆ నేర్పు మరుగున పడును. ఇట్టి స్థలమును కేటాయించి, చెట్లు నాటించి, రాత్రివేళ దీపము పెట్టించుట వంటి కోరికను పంచాయతీ ముందుంచుటకు మనకేమి సంకోచము?

రెండవది, కథ. పద్మశాలీల కులపురాణమును పటము చాపి చెప్పు కూనపులివారు తెలంగాణములో గలరు. వారి పటములను చేర్యాల చిత్రకారులు వ్రాయుదురు. నేతవారి ఆదరణ తగ్గినచో కథకునికి బ్రదుకు లేదు, చిత్రకారునికి పని లేదు. ఒక మగ్గము ఆగినచో ఆగునది మగ్గమొక్కటే కాదు.

మూడవది, మాట. పడుగు, పేక, పన్నె, నాడె, ఆసు, కండె - ఈ మాటలు మన ఇండ్లలో ఇంకను తెలుగులోనే పలుకుచున్నారు. ఇంటి బయట వేరొక భాష, మగ్గము దగ్గర తెలుగు. పెద్దల నోట నున్నప్పుడే వీనిని వ్రాసిపెట్టవలెను. కర్ణాటకలో గ్రామ పంచాయతీ గ్రంథాలయములు 2019లో గ్రామీణాభివృద్ధి శాఖ క్రిందికి మార్చబడినవి. అచట తెలుగు పుస్తకముల బీరువా ఒకటి కోరుట అసాధ్యమైన కోరిక కాదు.

ఎట్లు అడుగవలెను?

నోటిమాటగా అడిగినది నోటనే పోవును. అర్జీని ఆ రాష్ట్ర భాషలో వ్రాయవలెను. గ్రామసభకు ముందుగనే ఇచ్చి, సభలో తీర్మానము చేయించి, వార్షిక అభివృద్ధి ప్రణాళికలో చేర్పించవలెను. తమిళనాడులో గ్రామసభలు జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 తేదీలలో జరుగును. ఒడిశాలో పల్లి సభ, కర్ణాటకలో వార్డు సభ కూడ గలవు. మన స్త్రీలు కూడ సభకు రావలెను. కండెలు చుట్టునదియు, ఆసు పోయునదియు హెచ్చుగా వారే గదా!

2023 జూలైలో కేంద్ర సాంస్కృతిక శాఖ ప్రతి గ్రామపు కళలు, ఆచారములు, విశేషములను నమోదు చేయుటకు 'మేరా గావ్ మేరీ ధరోహర్' అను పట్టికను ఇంటర్నెట్టులో తెరచినది. మన ఊరి పేరు క్రింద నేత ఉన్నదా, లేదా చూడుడు. లేనిచో సభలో ఆ మాట ఎత్తుడు.

కోరిక చిన్నదిగా, స్పష్టముగా ఉండవలెను. మా కులపు పండుగకు సొమ్మిమ్మని కాక, ఊరి పిల్లలందరు చూచి నేర్చుకొను కార్యక్రమమునకు తోడ్పడుడని అడుగవలెను. 2015 నుండి ఆగస్టు 7వ తేదీ జాతీయ చేనేత దినముగా జరుగుచున్నది. ఆనాడు బడి ఆవరణలో ఒక మగ్గము నిలిపి నేత చూపుటకు అయ్యెడి ఖర్చు స్వల్పము.

నూలు ధర, అప్పు, అమ్మకము - ఇవి పంచాయతీ చేతిలోనివి కావు. వానికి మన సహకార సంఘములున్నవి, వానితోడి పోరాటము వేరు. కాని చోటు, దీపము, నీడ, పుస్తకము, వేదిక - ఇవి ఊరి సభ ఈయగలిగినవి. రానున్న గ్రామసభకు ప్రతి నేత వీధినుండి కనీసము పదిమంది వెళ్లి, ఒక్క అర్జీనైనను చేర్పింతురని ఆశింతుము.