దారి తప్పించు దొంగ తరంగములు

పటాన్‌చెరువు, పాశమైలారము కర్మాగారములలో సరకు నింపుకొని ముంబయి రహదారి పట్టు లారీలలో పెక్కింటికి నేడొక చిన్న పెట్టె అమర్చబడి యుండును. బండి ఎచ్చట నున్నదో యజమానికి ఎప్పటికప్పుడు తెలుపుట దాని పని. డ్రైవరు "సార్, నేను జహీరాబాదు దారిలోనే ఉన్నా" అని ఫోనులో మొత్తుకొనినను, పెట్టె "బండి మెదక్ వైపు మళ్ళినది" అనినచో ఎవరి మాట చెల్లును? సాధారణముగా పెట్టె మాటయే చెల్లును. యంత్రము అబద్ధమాడదని మన నమ్మకము. నిజమే, అది అబద్ధమాడదు. కాని ఎవరో చెప్పిన అబద్ధమును విని, నమ్మి, మనకు చెప్పగలదు.

ఆ పెట్టెలోనున్నది కూడ ఒక విధమైన రేడియోయే. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్న జి.పి.యస్. ఉపగ్రహములు ఒక్కొక్కటియు "నేను ఇచ్చట నున్నాను, ఇప్పటి కాలము ఇది" అని నిరంతరము ప్రసారము చేయుచుండును. ఆ తరంగము చేరుటకు పట్టిన కాలమును బట్టి పెట్టె దూరమును లెక్కగట్టును. నాలుగు ఉపగ్రహములు వినబడినచో తన స్థానమును, తన గడియారపు తప్పును కూడ తెలిసికొనును. సెకండులో పదిలక్షలవ వంతు పొరపాటు జరిగినను దూరములో 300 మీటర్ల తేడా వచ్చును.

ఆ తరంగములు నేలకు చేరునప్పటికి మిక్కిలి బలహీనములగును. ఒక వాట్‌ను నూరు కోటికోట్ల భాగములు చేసినచో, అందొక భాగమునకు ఇంచుమించు సమానము. పైగా పౌరుల కుద్దేశించిన సంకేతపు రూపము బహిరంగము. ఎవరైనను రిసీవరు తయారు చేసికొనవలెననియే దానిని ప్రకటించినారు. ఆ వివరములతోనే ఎవడైనను దొంగ ట్రాన్స్‌మిటరును కూడ తయారు చేయవచ్చును. రొదచేసి అసలు సంకేతమును ముంచివేయుట ఒక పద్ధతి. అప్పుడు రిసీవరు "నాకేమియు వినబడుట లేదు" అని ఒప్పుకొనును. అసలు సంకేతమును అనుకరించి, తప్పు స్థానమును నమ్మించుట రెండవ పద్ధతి. దీనినే స్పూఫింగ్ అందురు. ఇందు రిసీవరు ఏ ఫిర్యాదును చేయదు. అందువలన ఇదియే ఎక్కువ ప్రమాదకరము.

2013 జూనులో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు టాడ్ హంఫ్రీస్, ఆయన విద్యార్థులును మధ్యధరా సముద్రముపై ఒక విహారనౌకలో దీనిని ప్రయోగించి చూపినారు. నౌకాధిపతి అనుమతితోనే సుమా! మొదట తమ దొంగ సంకేతమును అసలు దానితో సరిగా కలిపి, పిమ్మట దాని బలమును కొంచెము హెచ్చించి, ఆపైన మెల్లగా ప్రక్కకు లాగినారు. నౌక దారి తప్పినట్లు తెరపై కనబడగా సిబ్బంది చుక్కాని సవరించిరి. ఆ సవరణతోనే నౌక నిజముగా దారి తప్పినది. ఏ హెచ్చరిక గంటయు మ్రోగలేదు.

మన దేశమునకును ఈ బెడద వచ్చినది. ఢిల్లీ విమానాశ్రయపు 10వ నంబరు రన్‌వేపై జి.పి.యస్. ఆధారముగా దిగబోయిన కొన్ని విమానములు స్పూఫింగుకు లోనయినట్లు 2025 డిసెంబరు 1న పౌరవిమానయాన మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు రాజ్యసభకు తెలిపినారు. సంకేతములకు అంతరాయము కలిగినట్లు నివేదికలు వచ్చిన నగరములలో హైదరాబాదు పేరును కలదు. నేలమీది పాత మార్గదర్శక సాధనములను తీసివేయక నిలుపుకొనుట వలన విమానముల రాకపోకలు సాగినవి.

మరి దొంగను పట్టుట యెట్లు? ఇందుకు రేడియోగల ప్రతి యింటను చేయదగిన ప్రయోగ మొకటి యున్నది. చేతి ట్రాన్సిస్టరులో మీడియం వేవ్ కేంద్రమునొకదానిని పెట్టి, సెట్టును మెల్లగా గుండ్రముగా త్రిప్పుడు. ఒక వైపున ధ్వని తగ్గిపోవును. ప్రసారము ఏ దిక్కునుండి వచ్చుచున్నదో లోపలి ఏరియల్ గుర్తించుటయే అందుకు కారణము. అసలు ఉపగ్రహములు ఆకాశమంతట చెదరియుండును. ఒకటి తూర్పున, ఒకటి నడినెత్తిన, మరొకటి పడమటి అంచున. దొంగ మాత్రము పది ఉపగ్రహముల గొంతులను ఒక్క ఏరియల్ నుండియే పలికించును. రెండు ఏరియళ్ళను కొంచెము ఎడముగా నుంచి తరంగముల రాకలోని తేడాను పోల్చినచో, అసలువాటికి తేడాలు వేరువేరుగా నుండును. దొంగవాటి కన్నిటికి ఒక్కటే యగును. గొంతును అనుకరించుట సులభము, పది దిక్కులనుండి ఒకేసారి పలుకుట కష్టము. మా దృష్టిలో ఇంతకంటె గట్టి పరీక్ష లేదు. కాని లారీ పెట్టెలో సాధారణముగా ఒక్క ఏరియలే యుండును.

సంకేతబలము హఠాత్తుగా పెరిగినచో అనుమానించుట చవకయైన ఉపాయము. అయితే నేర్పరియైన దొంగ బలమును కొంచెమే పెంచును. ఔటర్ రింగురోడ్డు వంతెనల క్రిందను, రేకుల షెడ్లనడుమను తరంగములు ప్రతిఫలించి నిర్దోషమైన చోటనే అనుమానము పుట్టించును. మాటిమాటికి "దొంగ, దొంగ" యని అరచు యంత్రమును మూడవనాడు ఎవరును లెక్కచేయరు.

బండికి తనంతట తెలిసిన సంగతులతో పోల్చుట మరొక మార్గము. చక్రములు తిరుగనిదే బండి నాలుగు మైళ్ళు పోయినదని సంకేతము చెప్పినచో నమ్మరాదు. సంగారెడ్డి చెంత కందిలోని ఐ.ఐ.టి.లో చోదకుడు లేని వాహనములకై టిహాన్ పరీక్షాక్షేత్రమును 2022 జూలై 4న ప్రారంభించినారు. అట్టి బండిలో "ఇది మన దారి కాదే!" యనుటకు మనిషి యుండడు; కనుక ఈ పోలిక దానికి ప్రాణమువంటిది.

ఐరోపావారి గెలీలియో ఉపగ్రహములు సందేశముపై రహస్యముద్ర వేయు సేవను 2025 జూలై 24న ఆరంభించినవి. ముద్రను కల్పింపజాలని దొంగ, అసలు ప్రసారమునే పట్టి కొంచెము ఆలస్యముగా తిరిగి వదలవచ్చును. కావున రిసీవరు గడియారము సరిగా నుండవలెను. శ్రీహరికోట నుండి 2023 మే 29న ఎగసిన మన ఎన్.వి.యస్.-01 ఉపగ్రహము నావిక్ వ్యవస్థకు మూడవ తరంగశ్రేణిని చేర్చినది. శ్రేణులు పెరిగినకొలది దొంగకు పనియు పెరుగును.

ఇక మన లారీ డ్రైవరు సంగతి. పెట్టె స్థానమును మాత్రమేగాక, అప్పటి సంకేతబలమును, వినబడిన ఉపగ్రహముల పట్టికను కూడ భద్రపరచినచో తరువాత విచారించుటకు వీలగును. అంతవరకు అతని జీతము కోయుటకు ముందు, సదాశివపేట దాటిన పిమ్మట కంకోల్ టోల్‌గేటు వద్ద బండి యే గంటకు దాటెనో యజమాని చూచుకొనవలెను. ఆ లెక్క ఆకాశమునుండి వచ్చినది కాదు.